బొమ్మరింటి లోపలి వైపు

పిల్లలకు ఇల్లు కట్టుకోవడం ఎవరూ నేర్పనవసరం లేదు. రెండు కుర్చీల మీద దాదీ దుపట్టా పరిస్తే చాలు, వారికి ఇల్లు సిద్ధమవుతుంది. మంచం క్రింద ఒక ఇల్లు, బియ్యపు బస్తాల సందున ఒక ఇల్లు, జామచెట్టు మొదట్లో ఇసుకతో మరొక ఇల్లు. తెలుగువారు దీనికి బొమ్మరిల్లు అని ముచ్చటైన పేరు పెట్టుకున్నారు. ఈ ఇళ్ళన్నింటికీ ఒక పోలిక ఉన్నది. వాటి బయటి రూపాన్ని పిల్లలు అంతగా పట్టించుకోరు. వారికి కావలసినది లోపలి వైపు. అక్కడ ఎవరు కూర్చోవాలి, ఏ వస్తువు ఎక్కడ ఉండాలి, ఎవరిని రానివ్వాలి, ఎవరిని వాకిట నిలబెట్టాలి అన్నవే వారి ఆటలో ముఖ్యమైన సంగతులు.

గత శీతకాలంలో మా పెరట్లో పిల్లల కొరకు చెక్కతో ఒక బొమ్మరిల్లు కట్టించాము. గోడలు, కప్పు, తలుపు మూడు రోజుల్లో నిలబడినవి. లోపలి పనికి మాత్రం నెలన్నర పట్టింది. ఆ లోపలి పనిని గురించే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. చెక్కలు, మేకులు, రంగుల విషయంలో మేము తెలుసుకున్నది తోటి తల్లిదండ్రులకు ఉపయోగపడవచ్చు. అంతకంటె ముఖ్యంగా, పిల్లలకు ఒక చోటు ఇవ్వడమంటే ఏమిటో ఆ పని మాకు కొంత నేర్పింది.

మాది రాయలసీమలోని ఒక పాత ఊరు. మూడు గదుల ఇల్లు. పిల్లల దాదీ, మేమిద్దరము, పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి. వచ్చిపోయే బంధువులకు కొదవ లేదు. అమ్మాయి చదువుకునేది వంటింటి గడప దగ్గర. ఆమె బట్టలు ఉండేది అందరి బట్టలూ ఉండే బీరువాలో. నిద్ర దాదీ పక్కన. ఈ ఏర్పాటులో ప్రేమకు లోటు లేదు. అయితే కొంతకాలంగా ఆమె తరచుగా మేడమెట్ల క్రింద, నీళ్ళ డ్రమ్ము వెనుక ఒంటరిగా కూర్చొని కనిపించసాగింది. ఏమమ్మా అని అడిగితే, ఊరికే అనేది.

దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 58వ ఆయతు, పిల్లలు సైతం మూడు వేళల్లో పెద్దల గదిలోకి అనుమతి లేకుండా రాకూడదని బోధిస్తున్నది. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం దుస్తులు సడలించుకొని విశ్రమించే వేళ, ఇషా నమాజు తరువాత. ఆ పిల్లలు యుక్తవయస్సుకు వచ్చినప్పుడు పెద్దల మాదిరిగానే ప్రతిసారీ అనుమతి కోరాలని తరువాతి ఆయతు చెబుతున్నది. మా అమ్మాయి ఆ రెండు ఆయతుల నడుమ ఉన్న వయస్సులో ఉన్నది. అనుమతి అడగడం ఆమె అలవరచుకోవలసిన సమయమిది. అయితే తనను ఎవరూ ఏనాడూ అనుమతి అడగని చోట పెరిగే పిల్ల, ఆ అడగడంలోని గౌరవాన్ని ఎలా గ్రహిస్తుంది? ఈ ఆలోచనతోనే బొమ్మరింటి పని మొదలుపెట్టాము.

ఇల్లు పెద్దదేమీ కాదు. పొడవు 7 అడుగులు, వెడల్పు 5 అడుగులు, ఎత్తు 5 అడుగులు. పెద్దవారు లోపల వంగి నిలబడవలసినదే. ఇంత పొట్టి కప్పా అని చూడవచ్చినవారు నవ్వారు. మాకు మాత్రం మరొక సంగతి గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) సతీమణుల గదులలోకి వెళ్ళినప్పుడు వాటి కప్పు తన చేతికి అందేదని హజ్రత్ హసన్ బస్రీ (రహ్మ) తెలిపారు. ఖర్జూరపు మట్టలతో కట్టి, బయట వెంట్రుకల కంబళి కప్పిన ఆ గదులను చూసినవారి మాటలు ఇమామ్ బుఖారీ (రహ్మ) ‘అల్ అదబుల్ ముఫ్రద్’ గ్రంథంలో నమోదై ఉన్నాయి. అమవీ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ కాలంలో మస్జిద్ విస్తరణ నిమిత్తం ఆ గదులను తొలగించారు. లోకానికి సన్మార్గం చూపిన ఇళ్ళు అంత చిన్నవి. ఇక పిల్లల ఆటకు కట్టే గదిలో ఆడంబరానికి చోటెక్కడిది? దుబారా చేసేవారు షైతానుకు సోదరులని ఇస్రా సూరా హెచ్చరిస్తున్నది. కనుక కొత్త సామాను వీలైనంత తక్కువగా కొనాలని, ఇంట్లో ఉన్నదానితోనే పని జరుపుకోవాలని మొదటే అనుకున్నాము.

లోపలి పనిలో మొదటి ప్రశ్న ఎండ. మా ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒట్టి రేకు క్రింద పిల్లలను కూర్చోబెట్టడమంటే పెనం క్రింద కూర్చోబెట్టినట్లే. సిమెంటు రేకు వేస్తే వేడి తగ్గుతుందని కొందరు సలహా ఇచ్చారు. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని కోసినా, రంధ్రం చేసినా, పగిలినా కంటికి కనిపించని నూగు గాలిలోకి లేస్తుంది. అది ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ళ తరువాత క్యాన్సర్‌కు కారణం కాగలదు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. అందువలన జింకు రేకే వేయించి, పైన తెల్లని సున్నం పూయించాము. రేకుకు 4 అంగుళాల క్రింద వెదురు తడకను లోకప్పుగా కట్టించాము. రేకుకు, తడకకు నడుమ ఉన్న సందులో రెండు కొసలా జాలీ పెట్టడం వలన వేడెక్కిన గాలి బయటకు పోతూ ఉంటుంది. లోపల చల్లగా ఉంటుందని చెప్పలేము గానీ, జామచెట్టు నీడ కూడా తోడై, సాయంత్రాలు హాయిగా కూర్చోవచ్చు.

రెండవది నేల. చెదలు ఎక్కకుండా, వాన నీరు చేరకుండా ఇంటిని కడప బండల మీద అడుగు ఎత్తున నిలిపాము. లోపల పలకల నేల మీద తుంగచాప పరిచాము. పెరట్లో తేళ్ళు తిరుగుతాయి కనుక ప్రతి శుక్రవారం ఉదయం చాపను ఎత్తి, దులిపి, ఎండలో వేయాలన్నది నియమం. ఆ పని పిల్లలిద్దరిదీ, తోడు ఒక పెద్దవారిది.

మూడవది రంగు. మా పాత ఇల్లు విప్పినప్పటి చెక్క కొంత కొట్టంలో నిలవ ఉన్నది. దూలాలు, పలకలు రంగు తగలనివి. వాటిని చిత్రిక పట్టించి వాడాము. ఆకుపచ్చ రంగు వేసిన పాత తలుపు రెక్కలు రెండింటిని మాత్రం ముట్టుకోలేదు. పాతకాలపు రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ రంగును ఉప్పుకాగితంతో రుద్దితే లేచే ధూళి పిల్లల చేతులకు, నోటికి చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. ఇంత వరకు పరవాలేదు అనదగిన మోతాదు దానికి లేదని వైద్యులు చెబుతారు. మన దేశంలో ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం మించరాదని 2016లో నిబంధనలు వచ్చినవి. 2017 నవంబరు నుండి అవి అమలులో ఉన్నాయి. కనుక రంగు కొనేటప్పుడు డబ్బా మీది చీటీ చదివి, సీసం విషయం వ్రాసి ఉన్నదా లేదా అని చూసుకోవాలి. 

మేము మూడు గోడలకు రంగే వేయలేదు. పలకలను నునుపు చేసి అవిసె నూనె పట్టించాము. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేస్తే వాటంతట అవే అంటుకొనే ప్రమాదం ఉన్నది. వాటిని విప్పి, ఆరుబయట పరచి, పూర్తిగా ఆరిన తరువాతనే పారవేయాలి. లోపలికి పొడుచుకువచ్చిన మేకుల మొనలన్నింటినీ వంచి, ఆకురాయితో అరగదీయించాము. తలుపు బందుల సందులో చిన్న వేళ్ళు నలగకుండా పాత తోలుముక్క ఒకటి కొట్టించాము. ఇవన్నీ తల్లిదండ్రుల వంతు. పిల్లలు అడగరు, వారికి తెలియదు. వారి ప్రాణం, ఆరోగ్యం మన చేతిలోని అమానత్.

తలుపు పక్క పలకలో ముడి ఊడిపోయి, వేలు పట్టేటంత రంధ్రం ఒకటి ఏర్పడి ఉన్నది. మా అబ్బాయికి ఆ ఇంట్లో అన్నింటికంటె నచ్చినది అదే. బయట నిలబడి దానికి కన్ను ఆనించి, లోపల అక్క ఏమి చేస్తున్నదో చూసి నవ్వేవాడు. ఆమె దుపట్టా అడ్డు పెట్టుకునేది. ఆ సాయంత్రం అబ్బాయిని కూర్చోబెట్టుకొని ఒక ఉదంతం చెప్పాము. దైవప్రవక్త (స) తమ గదిలో దువ్వెనతో తల సవరించుకొంటూ ఉండగా ఒక వ్యక్తి తలుపు రంధ్రంలో నుండి లోపలికి చూశాడు. ఆయన (స) అతనిని గట్టిగా మందలించి, అనుమతి కోరాలన్న ఆజ్ఞ వచ్చినదే చూపు కొరకని వివరించారు. కాలు లోపల పెట్టకపోయినా చూపు లోపలికి వెళితే ప్రవేశించినట్లే. అబ్బాయి కొంతసేపు ఆలోచించి, “అయితే నా కన్ను కూడా సలాం చెప్పాలా?” అని అడిగాడు. మరునాడు మేస్త్రి ఆ రంధ్రంలో వేపచెక్క బిరడా కొట్టి, జిగురులో రంపపు పొట్టు కలిపి మెత్తుతూ ఉంటే, పొట్టు అందించినది వాడే.

అసలు చిక్కు గడియ దగ్గర వచ్చింది. “గడియ లోపల పెట్టమంటారా, బయట పెట్టమంటారా?” అని మేస్త్రి అడిగాడు. బయట పెడితే ఆటలో ఒకరినొకరు బంధించుకొనే ప్రమాదం ఉన్నది. లోపల పెడితే, వేసుకొన్న పిల్లకు కళ్ళు తిరిగినా, తేలు కుట్టినా మనం సమయానికి లోపలికి వెళ్ళలేము. దాదీ అభ్యంతరం మరొకటి. “ఆడపిల్లకు లోపల గడియ ఎందుకు బేటీ? రేపు ఇంట్లోనూ తలుపు వేసుకొని కూర్చుంటుంది. మా రోజుల్లో ఎవరికి ఉన్నాయి ఈ తలుపులు?” అన్నారు. ఆమె మాటలో కోపం లేదు, భయం ఉన్నది. నేటి పిల్లలు తలుపు వెనుక ఫోనుతో ఒంటరిగా మిగిలిపోతున్నారన్న భయం అది. ఆ భయాన్ని కాదనలేము. అలాగని పదకొండేళ్ళ పిల్లకు తనదనే మూల ఒకటి అవసరమన్న సంగతినీ కాదనలేము.

మేము తర్కించుకుంటూ ఉంటే అమ్మాయి అన్నది, “గడియ వద్దులే దాదీ. ఫోను కూడా లోపలికి తీసుకుపోను. కానీ సలాం చెప్పకుండా ఎవరూ రాకూడదు. మీరు కూడా.” ఆ చివరి మాటకు అందరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. దాదీ కొంగు నోటికి అడ్డుపెట్టుకొని నవ్వి, “సరే, నేను కూడా” అన్నారు. తలుపుకు గడియ లేకుండా, గాలికి కొట్టుకోకుండా ఆపే చిన్న కొక్కెం ఒకటి మాత్రం పెట్టించాము. చిన్న తోపుకే అది ఊడివస్తుంది. ఆ తలుపును నిజంగా మూసి ఉంచేది కొక్కెం కాదు, ఇచ్చిన మాట.

పిల్లలను అనుమతి అడగడం పెద్దరికానికి లోటని కొందరు భావిస్తారు. దైవప్రవక్త (స) వద్దకు ఒకనాడు పానీయం తెచ్చినప్పుడు ఆయన కుడి వైపున ఒక బాలుడు, ఎడమ వైపున పెద్దలు కూర్చొని ఉన్నారు. ముందుగా పెద్దలకు ఇవ్వడానికి ఆయన (స) ఆ బాలుని అనుమతి కోరారు. తన వంతును వదులుకోనని బాలుడు చెప్పగా, పాత్రను అతని చేతికే ఇచ్చారు. పిల్లవాని హక్కు చిన్నదని త్రోసివేయలేదు, కాదన్నాడని కోపించలేదు. హజ్రత్ అనస్ (రజి) దారిలో పిల్లలు కనిపిస్తే తామే ముందు సలాం చెప్పేవారు, దైవప్రవక్త (స) అలా చేసేవారని చెప్పేవారు.

ఇక గూళ్ళు, గోడ. పిల్లలిద్దరికీ చెరి మూడు గూళ్ళు సమానంగా చేయించాము. దాదీ వాటిని తాక్ అంటారు. అబ్బాయివి వాడి చేతికి అందే ఎత్తులో ఉన్నవి. నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఒక్క కుమారునికే కానుక ఇచ్చి దైవప్రవక్తను (స) సాక్షిగా ఉండమని కోరినప్పుడు, పిల్లలందరికీ సమానంగా ఇవ్వని ఆ కానుకకు ఆయన సాక్షిగా ఉండలేదు. ఆ ఉదంతం గూళ్ళ లెక్కకు కూడా వర్తిస్తుందని మాకు అనిపించింది.

గూళ్ళు సిద్ధం కాగానే దాదీ తన పాత పెట్టె తెరిచారు. కుట్టగా మిగిలిన గుడ్డపేలికలతో రెండు బొమ్మలు, ఒక గుర్రం కుట్టారు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల ఉదంతం మన పాఠకులకు తెలిసినదే. దైవప్రవక్త (స) ఒక యుద్ధయాత్ర నుండి తిరిగివచ్చినప్పుడు గాలికి గూటి తెర తొలగి, ఆమె బొమ్మలు బయటపడినవి. వాటి నడుమ గుడ్డ రెక్కలున్న గుర్రం ఒకటి ఉన్నది. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగితే, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అన్న అర్థంలో ఆమె బదులిచ్చారు. ఆయన పలువరుస కనిపించేటట్లు నవ్వారు. ఆ ఉదంతం విని అబ్బాయి తన గుర్రానికి కూడా రెక్కలు కావాలన్నాడు. దాదీ పాత షేర్వానీ అస్తరుతో రెక్కలు కుట్టి ఇచ్చారు. విశాఖ వైపు బంధువులు తెచ్చిన ఏటికొప్పాక బొంగరాలు మరొక గూటిలో చేరినవి. అంకుడు కర్రను తిప్పుతూ, చెట్ల నుండి తీసిన రంగులు కలిపిన లక్కతో మెరుగు పెట్టే బొమ్మలు అవి.

నాలుగవ గోడకు సీసం లేని తెల్లరంగు వేసి ఖాళీగా వదిలాము. దాని మీద ఏమి ఉండాలన్నది పిల్లల ఇష్టం. ఒక్క నియమం మాత్రం చెప్పాము. చిత్రాలు గీసి జీవించే ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లను, ప్రాణం లేనివాటిని గీయమని సలహా ఇచ్చారు. ఆ హద్దులో ఎంత విశాలమైన ప్రపంచం ఉన్నదో పిల్లల గోడ చూసి తెలుసుకున్నాము. జామచెట్టు, మస్జిద్ మినార్, వర్షపు మేఘం, రైలుబండి, దాదీ పాన్‌దాన్. ఇంకా సగం గోడ ఖాళీగానే ఉన్నది. దానిని నింపమని మేము తొందరపెట్టడం లేదు.

ఇల్లు అప్పగించిన మూడవ వారంలో ఒకనాడు అమ్మాయి బడి నుండి వచ్చి, పుస్తకాల సంచి గడప దగ్గర పెట్టి, నేరుగా బొమ్మరింటిలోకి వెళ్ళిపోయింది. అసర్ నమాజు అయినది, ఆమె రాలేదు. మేమిద్దరమూ పెరట్లోకి వెళ్ళి తలుపు పక్కన నిలబడి సలాం చెప్పాము. జవాబు లేదు. కొంత ఆగి రెండవసారి చెప్పాము. లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. మూడవసారి చెప్పాము. మూడుసార్లు అనుమతి కోరినా రాకపోతే తిరిగి వెళ్ళిపోవాలన్నది ప్రవక్త (స) బోధన. ఇతరుల ఇంటి ముందు నిలబడి దానిని పాటించడం సులభం. సొంత బిడ్డ లోపల ఏడుస్తూ ఉండగా, వేలితో తోస్తే తెరుచుకొనే తలుపు ఎదుట పాటించడం ఎంత కష్టమో ఆనాడు తెలిసింది. తేలు గానీ, జ్వరం గానీ అయి ఉంటే ఆగేవారము కాము. అది ఆ ఏడుపు కాదని మాకు తెలుసు. పది అడుగుల దూరంలో, జామచెట్టు క్రింద బండ మీద, ఆమెకు మా మాటలు వినిపించేటంత దగ్గరలో కూర్చున్నాము.

మగ్రిబ్ అజాన్‌కు కొంచెం ముందు తలుపు తెరుచుకున్నది. “వ అలైకుమ్ అస్సలామ్” అని, “అమ్మీ, నువ్వొక్కదానివే లోపలికి రా” అన్నది. మాలో ఒకరము లోపలికి వెళ్ళాము, ఒకరము బయట ఉండిపోయాము. ఆమె చెప్పినది బడికి వెళ్ళే దారిలో కొన్నాళ్ళుగా తనకు ఎదురవుతున్న ఒక ఇబ్బందిని గురించి. అంతకు మించి ఇక్కడ వ్రాయము. ఎవరైనా చుట్టూ చూసి ఒక మాట చెబితే అది అమానత్ అని మన ప్రవక్త (స) నేర్పారు. మరునాటి నుండి ఆమెను బడిలో దిగబెట్టడం, తీసుకొని రావడం మా పని అయినది. మాట్లాడవలసిన పెద్దలతో మాట్లాడాము. ఆ ఇబ్బంది తొలగినది, అల్‌హమ్దులిల్లాహ్.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అని తరువాత మెల్లగా అడిగితే, “ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కదా” అన్నది. నిజమే. ప్రేమించేవారు చుట్టూ ఉండటం వేరు, చెప్పుకోవడానికి చోటు ఉండటం వేరు. పిల్లలకు రెండూ కావాలి.

అందరికీ పెరడు ఉండదు. హైదరాబాదు ఇరుకు వీధులలో రెండు గదుల వాటాలలో ఉండే కుటుంబాలు ఎన్నో. అయినా ఒక మూలకు తెర కట్టవచ్చు. అల్మారాలో ఒక అరను ఇది నీదని చెప్పవచ్చు. ఒక రేకుపెట్టె ఇచ్చి, నీవు లేనప్పుడు దీనిని ఎవరూ తెరవరని మాట ఇవ్వవచ్చు. ఆ మాటను నిలబెట్టుకోవడమే ఆ చోటుకు గోడ, ఆ చోటుకు తలుపు. పదునైన మేకును వంచడం, విషపు రంగును దూరంగా ఉంచడం మన బాధ్యత. ఆ తరువాత ఒక అడుగు వెనక్కి వేసి సలాం చెప్పి నిలబడటం కూడా మన బాధ్యతే. నేడు మన సలాంకు జవాబిచ్చి తలుపు తెరిచిన పిల్లలు, రేపు తమ ఇళ్ళలో మన కొరకు, ఇతరుల కొరకు అదే మర్యాదతో తలుపు తెరుస్తారు.

అల్లాహ్ మన ఇళ్ళను శాంతి నిలయాలుగా చేయుగాక. మన బిడ్డలను మన కన్నులకు చల్లదనంగా, మనలను వారు నమ్మదగిన తల్లిదండ్రులుగా చేయుగాక. ఆమీన్.